పొడి గది బయటి మేకు

మా ఫ్యాక్టరీలో పొడి గది తలుపు పక్కన గోడకి ఒక మేకు ఉంది. మాస్కులకి లోపల అల్మారా ఉంది, కోట్లకి కొక్కేలున్నాయి, టోపీలకి డబ్బా ఉంది. ఈ మేకు మాత్రం ఏ పనీ లేనట్టు ఖాళీగా ఉంటుంది. ఎప్పుడో ఏడాదికి రెండు మూడుసార్లు, పొద్దున డ్యూటీకి వచ్చేసరికి దానికి ఒక మాస్కు వేలాడుతూ కనిపిస్తుంది. చూసినవాళ్ళం చూసి లోపలికి వెళ్ళిపోతాం. ఎవరిదని అడగం, ఎందుకని అడగం. ఆ మాస్కు ఎవరిదో ఆ మనిషి ఆ రోజు నుంచి ప్యాకింగులో కిటికీ పక్కనున్న స్టూలు మీద కూర్చుంటుంది. అప్పటిదాకా అక్కడ కూర్చున్నవాళ్ళు మాట్లాడకుండా లేచి పక్కకి జరుగుతారు. ఆమెని డ్రమ్ము ఎత్తనివ్వరు.

మేం తయారుచేసే పొడి అలాంటిది. కడుపుతో ఉన్న ఆడది గానీ, కడుపు పండాలని ఎదురుచూస్తున్న ఆడది గానీ ఆ గదిలో ఉండకూడదు. కంపెనీ రూలు ప్రకారం అలాంటివాళ్ళు సూపర్‌వైజరుకి ముందుగా చెప్పాలి. మా సూపర్‌వైజరు మంచివాడే. ఏం చెప్పబోయినా "నిదానం, నిదానం" అంటాడు కాబట్టి ఆయన పేరే నిదానం అయిపోయింది. కానీ మొగుడి చెవినే ఇంకా వెయ్యని మాట, అసలు ఉందో లేదో తనకే రూఢి కాని మాట, పోయి నిదానంగారికి ఎవరు చెబుతారు? అందుకని నాకంటే చాలా ముందు పనిచేసిన ఆడవాళ్ళెవరో ఆ మేకు కొట్టారు. మేకుకి మాస్కు కనబడితే నిదానం కూడా నోరెత్తడు. ఖాళీ అయిన చోటికి ఇంకొకరిని పంపిస్తాడు.

నేనూ అలా వచ్చినదాన్నే. మొదట్లో నేను మందు కోసం బూజు పెంచే గదిలో పనిచేసేదాన్ని. ఒకసారి ఎవరో మాస్కు తగిలిస్తే, "నీకు పిల్లల గొడవ లేదుగా, నువ్వెళ్ళు" అన్నారు. వెళ్ళి అక్కడే ఉండిపోయాను. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి తలా ఒక కారణం చెప్పాను, అన్నీ నిజమే. పొడి జల్లించడం నా పని కాబట్టి, ఎవరి తప్పయినా నా కంట్లో పడక మానదు కాబట్టి, అందరూ నన్ను జల్లెడక్క అంటారు. నా వెనకాల ఇంకేమైనా పేర్లున్నాయేమో తెలియదు, ఉండే ఉంటాయి. నా నోరు మంచిది కాదు.

ఆ పొడి ఒక రకం బూజు నుంచి వస్తుంది. మర్చిపోయిన రొట్టె మీద పట్టే బూజుకి అది దగ్గర చుట్టం. గాజు పళ్ళెంలో చూస్తే బూడిద కలిసిన ఆకుపచ్చలో, నున్నగా, ముట్టుకోవాలనిపించేలా ఉంటుంది. దాన్ని పెద్ద పెద్ద తొట్లలో పంచదార నీళ్ళు పోసి పెంచుతారు. తిండి పుష్కలంగా ఉన్నంతసేపూ అది తిని బలుస్తుందే తప్ప మనకి కావలసిన మందు ఇవ్వదు. తిండి కరువై, ఇరుకై, ఇక కష్టం అనుకున్నప్పుడు మొదలుపెడుతుంది. తన చుట్టూ ఇంకేదీ పెరగకుండా చూసుకోవడానికి అది చేసుకునే ఏర్పాటు అని బూజు గదిలో చెప్పేవారు. కణం రెండుగా చీలాలంటే సరుకు కావాలి, ఆ సరుకు తయారుచేసే ఎంజైము ఒకటుంటుంది. మా మందు వెళ్ళి తాళంలో పుల్ల విరిగినట్టు ఆ ఎంజైములో ఇరుక్కుంటుంది. ఇక తాళం తిరగదు. కణం ఉన్నది ఉన్నట్టే ఉండిపోతుంది.

దీంతో మనుషులకి ఏం పని అంటే, ఒకరి అవయవం తీసి ఇంకొకరి ఒంట్లో పెడితే ఆ ఒళ్ళు దాన్ని చుట్టం అనుకోదు, దొంగ అనుకుంటుంది. రక్తంలో తెల్లకణాలు ఒకటికి పదిగా పుట్టుకొచ్చి దాని మీద పడతాయి. అవి అలా పుట్టుకురాకుండా పట్టి ఉంచేది మా పొడితో చేసిన మాత్ర. మా చెల్లి ఆ మాత్ర పొద్దునా సాయంత్రం ఏళ్ళ తరబడి వేసుకుంది. దాని ఒంట్లో ఉన్నది నా కిడ్నీ.

చెల్లి నాకంటే చాలా చిన్నది. బట్టలు కుట్టడంలో దానికున్న చెయ్యి అందరికీ రాదు. గుడ్డ చూసి మనిషిని చూసి, టేపు పెట్టకుండానే కత్తెర వేసేది. కుట్టుపని మీద సొంతంగా నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే మొహం ఉబ్బడం మొదలైంది, తర్వాత కాళ్ళు. పరీక్షలు చేసి రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ముందు అమ్మ ఇస్తానంది. అమ్మది కలవలేదు, నాది కలిసింది. కొత్త కిడ్నీని పాతవాటి చోట పెట్టరని అప్పుడే తెలిసింది. పాతవి వీపు వైపు అలాగే ఉంటాయి, కొత్తది ముందు వైపు, పొత్తికడుపులో కుడి పక్కన పెడతారు. ఆపరేషను అయ్యాక అమ్మ మా ఇద్దరి మంచాల మధ్య కూర్చుని అటు కాసేపూ ఇటు కాసేపూ చూసేది. పోయేదాకా ఆవిడకి అదే పని అయింది.

అప్పటి నుంచి రోజూ పొద్దునా సాయంత్రం ఫోను చెయ్యడం నాకు అలవాటైపోయింది. "నా కిడ్నీ ఎలా ఉంది?" అనేదాన్ని. నువ్వెలా ఉన్నావని ఎప్పుడూ అడిగినట్టు గుర్తులేదు. అది కూడా నవ్వుతూ, "నీ కిడ్నీ సుఖంగా తిని కూర్చుంది, మాత్ర వేసుకుంది, నీళ్ళు తాగింది" అనేది. నా పేరు అలారం అని పెట్టింది. పెళ్ళయ్యాక ఆ ఫోన్లు మా మరిది ఎత్తేవాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, మాట తక్కువ మనిషి. "బాగుంది వదినా" అనేవాడు, అంతే. నేను పొడి జల్లిస్తూ, ఈ డ్రమ్ములోది ఎక్కడో మాత్రగా మారి చెల్లి డబ్బాలోకే చేరుతుందని అనుకునేదాన్ని. రుజువేమీ లేదు. అయినా ఇచ్చిందీ నేనే, కాపలా కాస్తున్నదీ నేనే అని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం దాచుకోవడం కూడా నాకు చేతకాలేదు.

ఒక ఆదివారం వాళ్ళిద్దరూ నా గదికి వచ్చారు. మరిది నారింజ పండ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీ చివర కూర్చున్నాడు. వాడు కుర్చీ చివర కూర్చున్నాడంటే ఏదో ఉన్నట్టే.

"అక్కా, ఒక మాట," అంది చెల్లి. "నువ్వు అరవకూడదు."

"అరిచే మాటయితే అరుస్తాను. చెప్పు."

"పిల్లల కోసం చూద్దామనుకుంటున్నాం. డాక్టరు సరేనన్నాడు. ఇన్నేళ్ళూ రిపోర్టులు బాగున్నాయట. ఈ మాత్ర ఆపేసి వేరేది రాశాడు. నెలన్నర ఆగి, రిపోర్టులు చూసి, అప్పుడు."

నేను ఒంటికాలి మీద లేచాను. "నీకు మతి ఉందా? ఆ మాత్ర మానేస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"మానెయ్యడం కాదక్కా, మార్చడం."

"ఆ మార్చినదానికి దీనంత బలం ఉందా? డాక్టరు ఏమన్నాడు, అది చెప్పు."

చెల్లి దాచలేదు. "అందరికీ ఏమీ కాదట. కొందరికి కిడ్నీ దెబ్బతింటుందట. ఎవరికి దెబ్బతింటుందో ముందుగా చెప్పలేమన్నాడు."

"మరి? పిల్లలే కావాలంటే పెంచుకోండి. అమ్మానాన్నలు లేని పిల్లలు లేరా లోకంలో?"

"అడిగాం వదినా," అన్నాడు మరిది కింద చూస్తూ. "రెండు చోట్ల అడిగాం. ఈ జబ్బు సంగతి చూసి ఒప్పుకోలేదు."

అది విని ఆగాల్సింది. నేను ఆగలేదు. "నా కిడ్నీ పెట్టి జూదం ఆడతావా?" అన్నాను.

మరిది తల ఎత్తలేదు. చెల్లి మాత్రం నా మొహంలోకి సూటిగా చూసింది. దానికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"నాకిచ్చావా అక్కా, నా దగ్గర దాచమన్నావా?"

జవాబు లేనప్పుడు ఊరుకోవడం నాకు తెలియని విద్య. "దాచమన్నాననే అనుకో," అన్నాను. అది లేచి చెప్పులేసుకుంది. మరిది దాని వెనకే మెట్లు దిగాడు.

ఆ నారింజలు నేను తినలేదు, తీసి పారెయ్యనూ లేదు. పండ్ల మీద తెల్లగా మొదలై, తర్వాత ఆకుపచ్చగా బూజు కమ్ముకునేదాకా అలాగే బల్ల మీద ఉంచాను. ఫోన్లు మానేశాను. పొద్దున ఆ వేళకి చెయ్యి ఫోను మీదికి పోయేది, నేనే వెనక్కి లాక్కునేదాన్ని. మరిది అప్పుడప్పుడూ పనిలోంచి ఫోను చేసి, దొంగతనంగా చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "మాత్ర మార్చారు వదినా, రిపోర్టు బాగానే వచ్చింది" అనేవాడు. నేను "ఊఁ" అని పెట్టేసేదాన్ని. పెట్టేశాక ఊపిరి తేలిగ్గా వచ్చేది, ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు.

ఆ రోజుల్లోనే మేకుకి మళ్ళీ ఒక మాస్కు కనబడింది. కొత్తగా పెళ్ళయిన అమ్మాయిది, నా పక్కనే జల్లెడ పట్టేది. మామూలుగా అయితే నాకు ఏమీ అనిపించదు, దాని వంతు పని కూడా కలిపి లాగేస్తాను. ఆసారి మాత్రం ఒళ్ళు మండింది. ప్యాకింగు పక్కనుంచి వెళుతూ ఆ స్టూలు వైపు చూసేదాన్ని కాదు. పొడి జల్లిస్తూ ఒకటే ఆలోచన. నా కిడ్నీని కాపాడేదీ ఇదే, కడుపులో పిల్లని పెరగనివ్వనిదీ ఇదే. కడుపులో బిడ్డ కూడా ఒకటి రెండై, రెండు నాలుగైతేనే కదా బిడ్డయ్యేది. దీనికి దొంగెవరో పసిబిడ్డ ఎవరో తెలియదు, పెరిగేదాన్ని ఆపడమే తెలుసు. ఈ మందు నా పక్షాన ఉందని నాకు ధైర్యంగా కూడా అనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చెల్లి అలా దూరంగానే ఉండిపోయింది. నేనూ ఉండిపోయాను. ఇద్దరిదీ అమ్మ పోలికే, పట్టిన పట్టు వదలం.

ఒక మధ్యాహ్నం టీకి బయటికొచ్చి, చేతులు కడుక్కుని, అల్మారాలోంచి ఫోను తీస్తే మరిది చాలాసార్లు చేసినట్టుంది. తిరిగి చేశాను.

"వదినా, క్రియాటినిన్ పెరిగింది," అన్నాడు. కిడ్నీ రక్తాన్ని ఎంత శుభ్రం చేస్తోందో చెప్పే లెక్క అది. పెరిగిందంటే కిడ్నీ అలిసిపోతున్నట్టు. "పొద్దున రిపోర్టు వచ్చింది. రేపు మళ్ళీ పరీక్ష చేసి చూద్దామన్నాడు డాక్టరు. నేను పనిమీద దూరంగా ఉన్నాను, రాత్రికి గానీ రాలేను. ఒక్కర్తే ఉంది. నీకు చెప్పొద్దంది."

"చెప్పొద్దంటే నువ్వు ఊరుకుంటావా? ఇప్పుడా చెప్పేది?" అని వాడి మీద అరిచి, నిదానంతో ఇంటికి పోతున్నానని చెప్పి, కోటూ టోపీ విప్పి పడేసి, నా బట్టలు తొడుక్కుని బస్సెక్కాను.

బస్సులో దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. నేను చెప్పలేదా అన్నది మొదటి మాట. ఇప్పటికైనా బుద్ధి తెచ్చుకుని ఈ రాత్రికే పాత మాత్ర మొదలుపెట్టు అన్నది రెండోది. డాక్టరుతో నేను మాట్లాడతాను, నువ్వు నోరెత్తకు అన్నది మూడోది. ఆ మాటలన్నిటి కిందా భయం ఉంది. ఆపరేషను ముందు రోజు చెల్లి నా వేళ్ళు పట్టుకుని నిద్రపోయింది, ఆ వేళ్ళ చల్లదనం ఇంకా నాకు తెలుసు. కిడ్నీ పోతే మళ్ళీ ఆ డయాలసిస్ మిషనుకి కట్టేసుకుని పడుకోవడమే. ఇవ్వడానికి నా దగ్గర ఇంకొకటి లేదు.

ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మా మరిది ఉండే ఇంట్లో మాత్రం లిఫ్టు ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది. మూడంతస్తులూ ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. తలుపు కొట్టాను. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఎవరూ?"

"నేను."

"అక్కా!" అంది. ఆ ఒక్క పిలుపులో ఇన్ని నెలల కోపం ఏమైపోయిందో తెలియదు. అడుగులు దగ్గరికొస్తున్నాయి.

చెమట తుడుచుకుందామని నుదుటి మీద చెయ్యి వేశాను. ముక్కు మీదా బుగ్గల మీదా మాస్కు నొక్కుకున్న గాడి ఇంకా అలాగే ఉంది. చెవి వెనక, జుట్టు మొదట్లో, వేలికి సన్నగా గరుకుగా ఏదో తగిలింది.

డ్యూటీ దిగినవాళ్ళు ఎవరైనా సరే తలస్నానం చెయ్యకుండా గేటు దాటకూడదు. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా దాటలేదు. ఎవరైనా తల తడుపుకుని పైపైన కానిచ్చేస్తే వెనక్కి పంపించేదాన్ని. ఆ రోజు నేను జుట్టు నిండా పొడితో బస్సులో వచ్చి, మా చెల్లి గుమ్మం ముందు నిలబడ్డాను.

లోపల గడియ తీసిన చప్పుడయింది. తలుపు లోపలికి కదిలింది. నేను రెండు చేతులతో పిడి పట్టుకుని బయటికి లాగాను. తలుపు మళ్ళీ మూసుకుంది.

"ఏంటిది, రావట్లేదు," అంది చెల్లి లోపల నుంచి లాగుతూ. "బిగుసుకుపోయినట్టుంది. అక్కా, నువ్వు కాస్త తొయ్యి."

"బిగుసుకోలేదు. నేనే పట్టుకున్నాను."

"ఎందుకు?"

"స్నానం చెయ్యకుండా వచ్చేశాను."

లోపల లాగడం ఆగిపోయింది. మేకు కథలూ, స్టూలు కథలూ, తలస్నానం లేకుండా వెళ్ళబోయినవాళ్ళని నేను గేటు దగ్గర పట్టుకున్న కథలూ దానికి ఏళ్ళుగా చెప్పినవే. ఈసారి గొంతు తలుపుకి చాలా దగ్గరగా వినిపించింది.

"నీకెవరు చెప్పారక్కా?"

"ఇంకెవరు, మీ ఆయనే. క్రియాటినిన్ పెరిగిందటగా."

"అది కాదు. మూడో నెలని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నాకు తెలియదు. ఆ పొడి చెల్లికి తగలకూడదని మాత్రమే నాకు తెలుసు, ఎందుకు తగలకూడదో ఆలోచించే తీరిక కూడా నా చేతులకి లేకపోయింది. ఫ్యాక్టరీ నుంచి నేను ఒక పని మీద బయల్దేరాను, నా చేతులు ఇంకో పని చేస్తున్నాయి. పిడి వదలకుండా తలుపుకి తల ఆనించబోయి, ఆనించకూడదని గుర్తొచ్చి, అలాగే నిలబడి ఏడ్చాను.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను."

"నీకు చెబుదామనే అనుకున్నా. రోజూ అనుకున్నా. తిడతావని." ముక్కు ఎగబీల్చింది. "రేపటి పరీక్షలో ఇంకా పెరిగితే ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తుందన్నాడు డాక్టరు. పాత మాత్రల అట్ట ఇంకా డబ్బాలోనే ఉంది. ఇందాకట్నుంచీ దాన్నే చూస్తూ కూర్చున్నా. ఈ కిడ్నీ నీది కూడా కదక్కా. నువ్వు వేసుకోమను, వేసుకుంటా. నీ మీద ఒట్టు."

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చి ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు. ఈ రాత్రికే వేసుకుంటుంది. నా కిడ్నీ నిలబడుతుందేమో. బిడ్డ నిలబడదు.

"ఆ రోజు అడిగావుగా," అన్నాను. "ఇచ్చావా, దాచమన్నావా అని."

పిడిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"ఇచ్చేశానే. అది నీది. ఏం చేసుకుంటావో నువ్వూ నీ డాక్టరూ చూసుకోండి. నన్ను అడక్కు."

చెల్లి ఏడుస్తూంటే తలుపు సన్నగా అదిరింది. అది తలుపుకి ఆనుకుని కూర్చుందని అర్థమైంది. నేనూ ఇవతల మెట్టు మీద కూర్చున్నాను, ఒక చెయ్యి పిడి మీదే ఉంచి.

"నువ్వెలా ఉన్నావే?" అని అడిగాను.

"భయంగా ఉందక్కా."

"నాకూ భయంగానే ఉంది."

కింద ఎవరో సైకిలు గోడకి ఆనించిన చప్పుడు, ఎవరింట్లోనో కుళాయి చప్పుడు వినిపిస్తున్నాయి. చివరికి నేనే లేచాను. "గడియ వేసుకో. తలుపు బయటి వైపు ముట్టుకోకు. మీ ఆయన వచ్చాక ఈ పిడి, తలుపు, ఈ మెట్టు సబ్బునీళ్ళతో కడగమను. చేతికి తొడుగు వేసుకోమను. తర్వాత ఆ గుడ్డ పారెయ్యమను, ఉతకొద్దు. విన్నావా?"

"విన్నానే అలారం," అంది ఏడుపులోనే. "కింద నిలబడు. కిటికీలోంచి చూస్తా."

వీధిలోకి వచ్చి తలెత్తి చూశాను. మూడో అంతస్తు కిటికీలో నిలబడి ఉంది. మొహం చిక్కింది, జుట్టు రేగిపోయి ఉంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఒక చెయ్యి కిటికీ చువ్వ మీద ఉంది, రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఉంది. కిడ్నీ అక్కడే, బిడ్డా అక్కడే, రెండిటికీ మధ్య బెత్తెడు చోటు కూడా ఉండదు. ఆ చెయ్యి దేని మీద ఉందో కిందనుంచి నాకు తెలియలేదు.

మర్నాడు తలంటు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, ఆస్పత్రికి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. దాని చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాను. క్రియాటినిన్ పెరిగిన చోటే ఆగింది. దిగలేదు, ఇంకా పెరగనూ లేదు. డాక్టరు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, వారం వారం రమ్మన్నాడు. ఇప్పుడు బాగుందంటే వచ్చే వారం బాగుంటుందని కాదని కూడా చెప్పాడు. చెల్లి తలూపింది. నా వైపు చూసి అడగలేదు, నేనూ చెప్పలేదు.

"నేను మీ ఇంట్లో ఉంటాను," అని మాత్రం అన్నాను బయటికొచ్చాక. "వంటా నీళ్ళూ నేను చూసుకుంటాను."

"మరి నీ పొడి?" అంది చెల్లి.

"పొడి సంగతి నేను చూసుకుంటాను."

ఆ మరుసటి రోజు అందరికంటే ముందు ఫ్యాక్టరీకి వెళ్ళాను. అల్మారాలోంచి నా మాస్కు తీశాను. పట్టీ మీద జల్లెడ అని ఎవరో ఎప్పుడో సరదాకి రాసిన అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. తలుపు పక్కన మేకుకి తగిలించాను. ఇన్నేళ్ళలో నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. మేకు కాస్త వదులుగా ఉంది.

ఒక్కొక్కరే వచ్చారు. మేకు వైపు చూశారు, పట్టీ మీద పేరు చూశారు, నన్ను చూశారు. తలలో సగం నెరిసినదాన్ని, పెళ్ళి కానిదాన్ని, వాళ్ళలో ప్రతి ఒక్కరినీ ఎప్పుడో ఒకప్పుడు దులిపేసినదాన్ని. చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా నవ్వలేదు. నిదానం వచ్చి మాస్కు ముందు ఆగాడు. నేను ప్యాకింగు వైపు మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "నిదానం, నిదానం" అన్నాడు. ఆ మాట ఎప్పుడు విన్నా చిరాకు పడేదాన్ని, ఆ రోజు రైలింగు పట్టుకుని దిగాను.

కిటికీ పక్క స్టూలు మీద ఆ అమ్మాయి ఉంది, నేను నెలల తరబడి మొహం చూడనిది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి, కూర్చోవడమే కష్టంగా ఉంది. నన్ను చూసి, బల్ల పట్టుకుని మెల్లగా లేచి, స్టూలు నా వైపు జరిపింది. అడ్డంగా ఉన్న డ్రమ్ముని పక్కకి జరుపుదామని నేను వంగేలోపు ఎవరో వచ్చి లాగేశారు.

"నాకు కాదమ్మా," అనబోయాను. ఎవరికో చెప్పాలి, ఎందుకో చెప్పాలి. కానీ ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ అడగరు.

"కూర్చో అక్కా," అంది ఆ అమ్మాయి. "నాకింకో కుర్చీ ఉంది."

కూర్చున్నాను.